అల్లుడికి కొన్న బండి

మా ఇంట్లో నెల రోజులుగా బండి గొడవ నడుస్తోంది. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చి ఏడాదైంది. ఆఫీసు ఇంటికి పదకొండు కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ ఆటో, మెట్రో, మళ్ళీ ఆటో అంటూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు సొంత డబ్బుతో బండి కొనుక్కుంటానంది. సంతోషమే కదా అనుకున్నాం. తీరా చూస్తే అది అడుగుతున్నది స్కూటీ కాదు, గేరున్న మోటారు సైకిలు. అదీ 350 సీసీది! మా వారు పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆడపిల్లవి, నీకు గేరు బండెందుకమ్మా? హాయిగా యాక్టివా కొనుక్కో" అన్నారు. నేనూ తందాన అన్నాను. అప్పుడు మా అమ్మ పప్పు గుత్తి పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి నన్నొక చూపు చూసింది. ఆ చూపు వల్లే ఇదంతా రాస్తున్నాను.

అసలు మన ఇళ్ళల్లో మొదటి బండిని ఎవరు ఎంచుకున్నారు? ఎవరి డబ్బుతో? ఎవరి కోసం? మా ఇంటి బళ్ళనే ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకున్నాను.

మా నాన్న తెనాలిలో స్కూలు మాస్టారు. నేను పుట్టిన సంవత్సరం బజాజ్ చేతక్ బుక్ చేస్తే, నేను రెండో తరగతిలో ఉండగా వచ్చింది. చెబితే మా అమ్మాయి నమ్మదు. అది మా ఇంటి విచిత్రమేమీ కాదు. ఏ కంపెనీ ఎన్ని బళ్ళు చెయ్యాలో ప్రభుత్వం లైసెన్సులో రాసిచ్చే కాలం అది. బజాజ్ వాళ్ళు 1960లో ఇటలీకి చెందిన పియాజియోతో పొత్తు పెట్టుకుని వెస్పాలు ఇక్కడ తయారుచెయ్యడం మొదలుపెట్టారు. ఆ పొత్తు 1971లో ముగిస్తే, 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ తెచ్చారు. కొనేవాళ్ళు లక్షల్లో, చేసేది వేలల్లో. కొందరికి పదేళ్ళు పట్టిందట. మన హైదరాబాదులో ఆల్విన్ వాళ్ళు పుష్పక్ అనే స్కూటరు చేసేవారు గానీ, మా నాన్నకి మాత్రం చేతకే కావాలి. నిజానికి అప్పట్లో బండిని ఎంచుకోవడమంటూ ఏమీ లేదు, ఏ వరసలో నిలబడాలో ఎంచుకోవడమే.

మోటారు సైకిళ్ళు లేకపోలేదు. బుల్లెట్టు ఉండేది. మన సైన్యం ఇంగ్లండు నుంచి తెప్పించుకుంటూ ఉంటే, 1955లో మద్రాసులో కంపెనీ పెట్టి ఇక్కడే చెయ్యడం మొదలెట్టారు. మైసూరు నుంచి జావా, తర్వాత అదే ఎజ్డీ. ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్. వీటిలో కొత్తగా నేర్చుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసింది ఒక్కటీ లేదు. పాత బుల్లెట్టుకి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. కిక్కు కొట్టే ముందు అమ్మీటరు ముల్లు చూసి, హ్యాండిలు దగ్గర చిన్న మీట నొక్కి, పిస్టను సరైన చోటికి తెచ్చుకోవాలి. తేడా వస్తే కిక్ రాడ్డు ఎదురుతిరిగి కాలి మడమని కొడుతుంది. జావాకి కిక్కూ గేరూ ఒకే రాడ్డు. ఇవన్నీ తెలిసినవాడే మొనగాడు. అందుకని మాస్టార్లు, గుమాస్తాలు స్కూటరు వైపే మొగ్గారు. పిల్లాడు ముందు నిలబడతాడు, కాళ్ళ దగ్గర గ్యాస్ సిలిండరు పడుతుంది, వెనక ఆవిడ చీర నలగకుండా పక్కకి కూర్చుంటుంది.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. వెస్పాని రూపొందించిన కొరాడినో దస్కానియో విమానాల ఇంజనీరు. మోటారు సైకిళ్ళంటే ఆయనకి గిట్టదు. కాలెత్తి ఎక్కక్కర్లేకుండా, బట్టలకి నూనె మరకలు అంటకుండా, గౌను తొడుక్కున్న ఆడవాళ్ళు కూడా నడుపుకునేలా 1946లో ఆ బండిని తీర్చాడు. 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ రోము వీధుల్లో దాన్ని తోలేస్తుంది కూడా. అలా ఆడవాళ్ళు ముందు కూర్చుంటారని చేసిన బండి మన దేశానికి వచ్చేసరికి, ఆడవాళ్ళు వెనక కూర్చోవడానికి వీలైన బండి అయిపోయింది! నలభై ఏళ్ళు మా అమ్మ ఆ వెనక సీటు మీదే కూర్చుంది. ఎడమ చెయ్యి స్టెప్నీ మీద, కుడి చెయ్యి నాన్న భుజం మీద, ఒళ్ళో నేను.

మరి ఆడవాళ్ళు తోలిన మొదటి బండి ఏది అంటే మా ఊళ్ళో లూనా. పూణెలో ఫిరోదియాల కంపెనీ 1972లో తెచ్చింది. 50 సీసీ, సైకిల్లాగా పెడళ్ళు, పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికొచ్చెయ్యొచ్చు. 1980లో హోసూరు నుంచి ఇద్దరు కూర్చునే టీవీఎస్ 50 వచ్చింది. మా అమ్మకి స్నేహితురాలైన ఒక టీచరు లూనా మీద బడికి వెళ్ళేది. ఊరంతా ఆవిడ పేరు మర్చిపోయి లూనా టీచరనే అనేవారు. మెచ్చుకునో వెక్కిరించో చెప్పలేను, రెండూ ఉండేవి. ఒక ఆదివారం ఆవిడ లూనా తీసుకుని మా అమ్మ స్కూలు గ్రౌండులో రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. మా నాన్న కోప్పడలేదు. నవ్వారు. సాయంత్రం అరుగు మీద నలుగురికీ చెప్పి నవ్వించారు. అమ్మ మళ్ళీ లూనా ముట్టుకోలేదు. కోప్పడి ఉంటే పట్టుదలకైనా నేర్చుకునేదాన్నే అని మొన్న అంది.

ఇక 1980ల్లో కథ మారింది. 100 సీసీ బళ్ళకి జపాను కంపెనీలతో పొత్తుకి ప్రభుత్వం సరే అంది. 1984లో సుజుకీతో, 1985లో హోండాతో, యమహాతో కలిసి చేసిన బళ్ళు వరసగా వచ్చాయి. మన వీధుల్లో మొదటిసారి మనిషికి ఎంచుకునే అవకాశం వచ్చింది. కుర్రాళ్ళు యమహా ఆర్‌ఎక్స్ 100 చప్పుడుకి పడిపోయారు. సంసారులు హీరో హోండా సీడీ 100 కొన్నారు. అది ఫోర్ స్ట్రోకు, పెట్రోల్లో ఆయిలు కలపక్కర్లేదు, లీటరుకి 80 కిలోమీటర్లని ప్రకటనలు. అదిగో, మన ఇళ్ళల్లో "మైలేజీ ఎంతిస్తుంది?" అన్న ప్రశ్న అక్కణ్ణించి పట్టుకుంది. 1990ల చివరికొచ్చేసరికి మోటారు సైకిళ్ళు స్కూటర్లని దాటేశాయి.

ఆ మోటారు సైకిళ్ళలో ఎన్ని పెళ్ళిపందిట్లోంచి వచ్చాయో లెక్క కట్టినవాళ్ళు లేరు. కట్నం తీసుకోకూడదని 1961లోనే చట్టం వచ్చింది. అయినా కట్నం కాయితం మీద చివరి వరసలో "బండి" అని ఒక మాట ఉండేది. నా పెళ్ళి 2000లో. మా వాళ్ళు "ఏదో మీ ముచ్చట" అన్నారు. ఆ ముచ్చట పేరు స్ప్లెండర్. నాన్న స్కూలు సొసైటీలో అప్పు తీసుకుని కొన్నారు. రంగు మా వారు ఎంచుకున్నారు. పుస్తకంలో పేరు ఆయనది. డబ్బు మా నాన్నది. నేను వెనక కూర్చున్నాను. ఆ అమరికలో ఏదైనా తేడా ఉందని ఆ రోజు నాకు తట్టలేదు. మా వారు చెడ్డవారని కాదు, ఇరవై నాలుగేళ్ళుగా ఆ బండిని కన్నబిడ్డలా చూసుకున్నారు. నేర్పమని నేనూ ఎప్పుడూ అడగలేదు. అడగొచ్చన్న ఊహే రాలేదు.

వెనక కూర్చునేవాళ్ళ గురించి చట్టం బాగానే ఆలోచించింది. 1989 నాటి మోటారు వాహనాల నియమాల్లో 123వది చూడండి. వెనక మనిషి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి రెస్టు ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలి. మనం శారీ గార్డు అంటామే, అదే. కొత్త బండి కొనగానే అందం పోతుందని ఊడబీకించే కుర్రాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొంగు చక్రంలో పడి ఎందరు పోయారో వార్తల్లో చదువుతూనే ఉన్నాం.

అదే సమయంలో 1988 చట్టం లైసెన్సుల్ని గేరున్న మోటారు సైకిలు, గేరు లేని మోటారు సైకిలు అని రెండుగా విడదీసింది. ఆడా మగా అన్న మాట అందులో లేదు. ఆ మాట మనం చేర్చాం. 1984లోనే కైనెటిక్ హోండా గేర్లు లేకుండా, బటను నొక్కితే స్టార్టయ్యేలా వచ్చింది. 1990ల్లో స్కూటీ వచ్చి కాలేజీ ఆడపిల్లలకి రెక్కలిచ్చింది. దాని రుణం చిన్నది కాదు. కానీ మెల్లగా గేరు లేనిది ఆడవాళ్ళ బండి, గేరున్నది మగవాళ్ళ బండి అని ఇంటింటా స్థిరపడిపోయింది. ఇంటి ముందు రెండు బళ్ళుంటే ఏది ఎవరిదో అడగక్కర్లేదు. హైదరాబాదుకి చెందిన జై భారతి 2018లో మరో ముగ్గురు ఆడవాళ్ళతో ఆరు దేశాల మీదుగా దాదాపు 17 వేల కిలోమీటర్లు గేరు బళ్ళ మీద వెళ్ళొచ్చారు. ఆవిడ సంస్థ ఇప్పుడు ఆడవాళ్ళకి బండి నేర్పుతోంది. ఆ వార్త చదివి లైకు కొట్టిన నేనే, కూతురికి యాక్టివా చాలన్నాను.

సరే, పోయిన శనివారం షోరూముకి ముగ్గురం వెళ్ళాం. కుర్రాడు మా వారితోనే మాట్లాడుతున్నాడు, కొనేది అమ్మాయని రెండుసార్లు చెప్పాక కూడా. అది పట్టించుకోకుండా క్లాసిక్ 350 ఎక్కింది. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. మా పిల్ల అయిదడుగుల ఒక అంగుళం. రెండు మునివేళ్ళే నేలకి తగిలాయి. "దిగి వెనక్కి తోసి చూడు" అన్నారు మా వారు. తొయ్యలేకపోయింది. అక్కడ ఆయన "చెప్పానా" అనలేదు. ఇంట్లో పాతికేళ్ళ బండి అనుభవం అప్పుడు బయటికొచ్చింది. కొత్తలో పడేది స్పీడులో కాదు, ఆగినప్పుడు, సిగ్నలు దగ్గర, పార్కింగులో. రెండు అరికాళ్ళూ నేలకి ఆనాలి, బండిని ఒంటరిగా తొయ్యగలగాలి, పడితే లేపగలగాలి, క్లచ్చి రెండు వేళ్ళకి లొంగాలి, రెండు బ్రేకులూ కలిసి పడేదో, చక్రం జారకుండా ఆపేదో అయ్యుండాలి. 2019 నుంచి కొత్త బళ్ళన్నిటికీ ఆ రెండిట్లో ఏదో ఒకటి తప్పనిసరి చేశారుగా. 350 ముచ్చట ఏడాది తర్వాత తీర్చుకోవచ్చు అన్నారాయన. "ఆడపిల్లవి కాబట్టి" అన్న మాట ఈసారి రాలేదు. నేను విన్నాను, మా అమ్మాయీ విన్నది.

పక్కనే కొత్త స్ప్లెండర్ ఉంది. 785 మిల్లీమీటర్లు, 112 కిలోలు. ఎక్కి చూసి, మా అమ్మాయి వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "ఇలాంటిది మనింట్లోనే ఉందిగా నాన్నా. తాతయ్య కొన్నది."

పదిహేనేళ్ళు నిండాక రెండుసార్లు ఆ బండి రిజిస్ట్రేషను తిరగరాయించారు మా వారు, అమ్మడానికి మనసొప్పక. నాన్న పోయి ఆరేళ్ళు. ఆదివారం పొద్దున్నే దాన్ని కాలనీ చివర ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాం. మా అమ్మాయి పదిసార్లు ఆపేసింది, ఒకసారి పడింది. ఎవరూ నవ్వలేదు. అమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుని "క్లచ్చి మెల్లగా వదలవే" అని అరుస్తూనే ఉంది, తనకేదో వచ్చినట్టు.

సాయంత్రం మా అమ్మాయి లెర్నింగ్ లైసెన్సుకి ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టింది. గేరున్న బండి అన్న చోట టిక్కు పెట్టి, "అమ్మా, నీ ఆధార్ కార్డు ఇలా ఇవ్వు" అంది. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సర్టిఫికెట్టు కూడా కావాలట. రేపు పదింటికి వెళ్ళాలి.