తుప్పు నుంచి నీటి దాకా: సూర్యప్రకాశ్ చిత్రాల్లో ప్రకృతి

1. ఉపోద్ఘాతం

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలకు రెండు ముఖాలున్నాయి. ఒకటి పారిశ్రామికవాడలది: రేకుల షెడ్లు, యంత్రాలు, తుక్కు ఇనుము. రెండవది చెరువులది: ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, వాటికి దక్షిణాన మూసీ. యంత్రమూ నీరూ ఇలా పక్కపక్కనే ఉన్న నగరంలో ఎదిగిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ (1940-2019). ఆయన ఈ చెరువులనే చిత్రించారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆయన కళాప్రస్థానం తుక్కుగా మారిన మోటారు వాహనాల నుంచి ఎండుటాకులకు, అక్కడి నుంచి కొలను నీటికి సాగింది. పైపైన చూస్తే ఇది యంత్రాన్ని విడిచి ప్రకృతిని ఆశ్రయించడంలా తోస్తుంది. నిజానికి అది ఒకే చూపు క్రమంగా విస్తరించిన తీరు అని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. పూర్వరంగం

ఆధునిక తెలుగు చిత్రకళకు ప్రకృతి కొత్త వస్తువు కాదు. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చి, గోదావరి దృశ్యాలను చిత్రించారు. హైదరాబాదులో కొండపల్లి శేషగిరిరావు (1924-2012) శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద నేర్చిన విద్యతో శకుంతల వంటి కావ్యనాయికలకు రూపం కల్పించారు. ఈ పరంపరలో ప్రకృతి ఎక్కువగా దర్శనీయస్థలంగానో, కథకు నేపథ్యంగానో కనిపిస్తుంది.

సూర్యప్రకాశ్ ఖమ్మం జిల్లా మధిరలో జన్మించారు. హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళా కళాశాలలో 1961 వరకు చదివి, ఆ తరువాత ఢిల్లీలో రామ్‌కుమార్ (1924-2018) వద్ద శిక్షణ పొందారు. రామ్‌కుమార్ వారణాసిని చిత్రిస్తూ మానవాకృతిని విడిచిపెట్టి, గోడలను, మెట్లను, నదిని మాత్రమే మిగిల్చిన కాలమది. సూర్యప్రకాశ్ ప్రధాన చిత్రావళుల్లో కూడా మనిషి కనిపించడు. మనిషి వాడి వదిలేసిన వస్తువు, చెట్టు విడిచిన ఆకు, వాటిని మోసే నేల, నీరు కనిపిస్తాయి.

3. తుక్కు, ఎండుటాకు

ఆయన తొలిదశ చిత్రాలకు వస్తువు పాడుబడిన మోటారు వాహనాలు. పనికిరాని యంత్రాన్ని ఆయన వ్యంగ్యానికో విలాపానికో సాధనం చేసుకోలేదు. సొట్టలు పడిన లోహంలో రేఖను, తుప్పులో వర్ణాన్ని వెతికారు. తుప్పు పట్టడమంటే నీరు, గాలిలోని ఆక్సిజన్ ఇనుముపై నెమ్మదిగా పనిచేయడం. అంటే ప్రకృతి యంత్రాన్ని తిరిగి తనలోకి తీసుకునే ప్రక్రియ. ఈ దృష్టితో చూసినప్పుడు ఆయన ప్రకృతి చిత్రణ ఆకులతో కాక తుక్కుతోనే మొదలైందని గ్రహించవచ్చు.

తరువాతి దశలోని ఎండుటాకులు ఈ అంశాన్ని బలపరుస్తాయి. ఆకు పండేటప్పుడు పత్రహరితం విచ్ఛిన్నమై, అంతవరకు దాని చాటున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. చివరకు గోధుమరంగు మిగులుతుంది. తుప్పుకూ ఎండుటాకుకూ వర్ణసామ్యం ఉన్నది ఇక్కడే. రెండింటిలోనూ శిథిలం కావడమంటే రంగు కోల్పోవడం కాదు, మరో రంగును పొందడం. తెలుగు కవిత్వంలో రాలిన ఆకు తరచుగా మరణానికి ప్రతీక. సూర్యప్రకాశ్ ఆకును ప్రతీకగా కాక ఆకుగానే చూడడం గమనింపదగినది.

4. కొలను నీరు

రాలిన ఆకు చేరే చోట్లలో నీరు ఒకటి. సూర్యప్రకాశ్ చిత్రాలూ ఆ దారినే సాగాయి. మలిదశలోని పలు చిత్రాల్లో నీటి ఉపరితలమే ప్రధానమవుతుంది. తేలే ఆకులు, తామరలు, చెట్ల ప్రతిబింబాలు ఒకే తలంపై కలిసిపోతాయి. ఏది వస్తువో, ఏది నీడో చూపరి తేల్చుకోవాలి.

ఇక్కడ ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే (1840-1926) గుర్తుకు రావడం సహజం. జివెర్నీలో తాను తీర్చిదిద్దుకున్న తోటలోని కొలనును ఆయన దశాబ్దాల పాటు చిత్రించారు. కంటిశుక్లాలతో బాధపడి 1923లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. సూర్యప్రకాశ్ హైదరాబాదులో 1987లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నారు. చూపు కోసం వచ్చేవారి మధ్య ఒక చిత్రకారుడు నీటి వెలుగును చిత్రించడం చరిత్రలో అరుదైన సన్నివేశం.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. మోనే కొలను ఒక వ్యక్తి ఉద్యానం. దక్కనులో చెరువు ఊరుమ్మడి సొత్తు. కట్ట, తూము, అలుగు మనిషి కట్టినవి; నింపేది వాన. ఇక్కడ నీటి ప్రకృతి మొదటి నుంచీ మానవ శ్రమతో ముడిపడినదే. కనుక మానవనిర్మితమైన వాహనం నుంచి నీటికి సాగిన ప్రయాణాన్ని నాగరికత నుంచి పలాయనంగా భావించడం దక్కను అనుభవానికి పొసగదు.

5. ముగింపు

సూర్యప్రకాశ్ జీవితపర్యంతం ప్రకృతి నుంచి పొందిన ప్రేరణ సౌందర్యారాధనకు పరిమితం కాలేదు. మార్పును ఓపికగా గమనించడమే దానికి పునాది. తుప్పు, ఎండుటాకు, నీటి నీడ ఆ పరిశీలనలో మూడు దశలు. ఈ చూపు ప్రాసంగికత తెలియాలంటే ఉప్పల్, నాచారం చెరువుల వంటి నగర జలాశయాల వైపే చూడాలి. వ్యర్థజలాలు చేరి గుర్రపుడెక్క కమ్మేసిన నీటిలో చెట్టు నీడ నిలవదు, ఆకాశం కనబడదు. ప్రతిబింబం చెరిగిపోవడం కళావిషయమే కాదు, ఆ నీటి ఆరోగ్యానికీ సూచిక. హైదరాబాదు చిత్రకళా చరిత్రను ఆ నగరపు జలచరిత్రతో కలిపి అధ్యయనం చేస్తే, రెండు రంగాల పరిశోధకులకూ కొత్త ఆధారాలు లభిస్తాయి.