పూలతో పేర్చిన శిల్పము

శిల్పమనగానే రాయి, కంచు, ఇత్తడి తలపునకు వచ్చును. భూపాలపల్లి జిల్లా గణపురమున కాకతీయులనాటి కోటగుళ్లను చూచినవారికిని, జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడిపని ఎరిగినవారికిని ఇది సహజమే. శిల్పి కోరునది నిలుకడ. ప్రాణమున్న వస్తువునకు ఆ నిలుకడ లేదు. అది పెరుగును, వాడును, నశించును.

అయినను గత శతాబ్దపు శిల్పులు కొందరు తెలిసియే ప్రాణమును చేపట్టిరి. 1969లో యానిస్ కునెల్లిస్ రోము నగరపు చిత్రశాలలో బ్రతికియున్న 12 గుర్రములను గోడల వెంట కట్టి, అదియే తన కృతి యనెను. గుర్రముల సమ్మతి నెవరడిగిరి? ఆ పద్ధతి మాకు రుచింపదు. 1982లో జర్మనీలోని కాసెల్ నగరమున జోసెఫ్ బాయిస్ ప్రారంభించిన పని వేరు. ఓక్ మొదలగు 7000 చెట్లు నాటవలెను. ఒక్కొక్క చెట్టు ప్రక్కన ఒక నల్లరాతి కంబము నిలుపవలెను. 1986లో ఆయన గతించెను. చివరి చెట్టును 1987లో ఆయన కుమారుడు నాటెను. నాటిన నాడు మొక్కకంటె రాయియే ఘనముగ నుండెను. నేడది చెట్టు మొదట ఒదిగియున్నది.

మన సీమలో ఇట్టి పనికి సాటి వెదకుటకు చిత్రశాలలకు పోనక్కరలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలలో బతుకమ్మ దినములందు ఏ వాకిట చూచినను అది కనబడును. దానిని పండుగ యందురే గాని శిల్పమని ఎవరు నందురు? పేర్చు చేతులను గమనింపుడు. సిబ్బిలో ఆకులు పరచి, తంగేడు, గునుగు, బంతి, కట్లపూలను వరుసవరుసగా గుండ్రముగ పేర్చుచు, పైకి పోవుకొలది వలయమును తగ్గించుచు గోపురముగ నిలుపుదురు. నడుమ డొల్లగ నున్నచో కూలును గనుక కోసిన కాడలు, ఆకులు కూరుదురు. తెల్లని గునుగును రంగులలో ముంచుదురు. ఒక వరుస ఒరిగినచో పైవన్నియు ఒరుగును. తల్లి ప్రక్కన కూర్చుండి పూలందించు బాలిక ఈ కొలతలను కంటితోనే నేర్చును. శిఖరమున పసుపు గౌరమ్మ. కోసిన పూవునకు మిగిలిన ఒక్క దినపు ప్రాణమే ఈ శిల్పమునకు ముడిసరకు.

2014లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్ర పండుగగ ప్రకటించినది. తంగేడు రాష్ట్ర పుష్పమైనది. గునుగునకు ఆ గౌరవము దక్కలేదు. రైతు కంటికి అది కలుపు. కలుపుమందు చల్లిన చేనిలో తలయెత్తదు. బీడులు, చెరువుగట్లు తరిగినచో ఈ శిల్పమునకు రాతిగని మూతపడినట్లే. అంగడిలో కొన్న బంతిపూలతోను బతుకమ్మ నిలుచును. నిలుచును గాని, దానిని చూచి ఆ ఊరి నేల ఎట్టిదో చెప్పలేము.

సద్దులనాటి సాయంకాలము బతుకమ్మలు చెరువునకు తరలును. గౌరమ్మ పసుపును ముత్తైదువలు పుస్తెలకు అద్దుకొందురు. పూలను నీటిలో విడిచి, ఖాళీ సిబ్బితో ఇంటికి మరలుదురు.