హోప్ ఐలాండ్ (కాకినాడ)

హోప్ ఐలాండ్ లేదా హోప్ దీవి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో కాకినాడ నగరానికి ఎదురుగా బంగాళాఖాతంలో ఉన్న ఒక చిన్న ఇసుక దీవి. గోదావరి నది సముద్రంలోకి తెచ్చిన ఇసుక అలల తాకిడికి ఒకచోట పేరుకొని గడచిన సుమారు రెండు వందల సంవత్సరాలలో ఈ దీవి ఏర్పడింది. దీని విస్తీర్ణం దాదాపు 8 చదరపు కిలోమీటర్లు. తీరానికి సమాంతరంగా సాగి, వెనుకనున్న నేలకు, అఖాతానికి గోడవలె అడ్డునిలిచే ఇటువంటి దీవులను అవరోధ దీవులు అంటారు. జనసంచారం తక్కువగా ఉండే ఇసుక తీరం, మడ అడవుల గుండా సాగే పడవ ప్రయాణం, వలస పక్షులు ఇక్కడి ప్రధాన ఆకర్షణలు. ఇది కోరింగ వన్యప్రాణి అభయారణ్యంతో ముడిపడిన ప్రాంతం కావడం వలన, సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు కావడం వలన దీనిని సాధారణ విహార స్థలంగా పరిగణించడానికి వీలు లేదు.

ఉనికి, స్వరూపం

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతం నుండి ఉత్తర దిశగా, తోకకప్ప ఆకారంలో ఈ ఇసుక మేట సాగి ఉంటుంది. సన్నని తోక దక్షిణాన, వెడల్పైన తల ఉత్తరాన ఉంటాయి. ఉత్తరపు కొనను గోదావరి పాయింట్ అని పిలుస్తారు. దీని పొడవును కొందరు 16 కిలోమీటర్లు అని, కొందరు 18 కిలోమీటర్లు అని వ్రాశారు. ఇసుక కదులుతూ ఉంటుంది గనుక కొలిచిన సంవత్సరాన్ని బట్టి ఈ లెక్క మారడంలో ఆశ్చర్యం లేదు. భూగోళ శాస్త్రం ప్రకారం చూస్తే ఇది నడిసముద్రంలో విడిగా పుట్టిన దీవి కాదు, నదీముఖం వద్ద మొదలై పెరుగుతూ వచ్చిన ఇసుక నాలుక. దక్షిణపు సన్నని భాగంలో అలలు గండి కొట్టడం, ఆ గండి మళ్ళీ పూడిపోవడం ఇటువంటి మేటలకు సహజం.

దీవికి, కాకినాడ తీరానికి నడుమ ఉన్న జలభాగమే కాకినాడ అఖాతం. ఇది చాలావరకు లోతు తక్కువైన బురద నేల. గోదావరి చిన్న పాయలైన గాడేరు, కోరింగ ఏరు ఈ అఖాతంలోకి వచ్చి చేరతాయి. అఖాతం ఉత్తర దిక్కున మాత్రమే సముద్రంలోకి విశాలంగా తెరుచుకొని ఉంది.

దీవి ఏర్పడిన విధం

వరద కాలంలో గోదావరి ఒండ్రును, ఇసుకను పెద్ద మొత్తంలో సముద్రంలోకి తెస్తుంది. నైరుతి ఋతుపవన కాలంలో అలలు దక్షిణ దిక్కు నుండి ఏటవాలుగా తీరాన్ని తాకుతాయి. అందువలన ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి నెట్టబడుతుంది. మొగ (నదీముఖం) దాటిన తరువాత తీరరేఖ ఒక్కసారిగా లోపలికి వంగడంతో అలల బలం తగ్గి ఇసుక అక్కడే దిగిపోతుంది. అలా దిగిన ఇసుక మీద మరికొంత ఇసుక చేరి మేట ఉత్తరంగా పెరుగుతూ వచ్చింది. గట్టి పడిన దిబ్బల మీద బాలబందు తీగ, రావణాసురుని మీసాలు అనే ముళ్ళ గడ్డి మొలిచి వేళ్ళతో ఇసుకను పట్టి ఉంచుతాయి. చూడటానికి పిచ్చిమొక్కలవలె ఉండే ఈ రెండూ లేకపోతే దిబ్బలు నిలవడం కష్టం. సందర్శకులు వీటిని త్రొక్కి బాటలు చేసినచోట గాలికి ఇసుక లేచిపోతుంది.

కాకినాడకు రక్షణ

ఈ దీవి మూలంగానే కాకినాడ ప్రశాంతమైన లంగరు రేవుగా పేరు పొందింది. పెద్ద ఓడలు అఖాతంలో లంగరు వేసి నిలిస్తే బార్జీల ద్వారా సరుకు ఎక్కించడం, దించడం ఇక్కడ చాలాకాలంగా సాగుతున్న పద్ధతి. 1997లో లోతైన నీటి రేవు ప్రారంభమైన తరువాత కూడా లంగరు రేవు కొనసాగింది.

దీవి విలువ తెలియాలంటే పొరుగునే ఉన్న కోరంగి చరిత్ర చూడాలి. కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరు పొందిన రేవు. బర్మాకు వెళ్ళిన తెలుగువారిని అక్కడ ఈ ఊరి పేరుతోనే కోరంగీలు అని పిలిచేవారు. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు పెద్ద కెరటాలు కోరంగిని ముంచివేశాయి. ఇరవై వేల మంది మరణించారని చెబుతారు. అప్పటికి హోప్ దీవి నేటి రూపంలో లేదు. 1839 నవంబరులో మరొక ఉప్పెన వచ్చింది. అందులో మూడు లక్షల మంది మరణించారని అనేక గ్రంథాలలో కనిపించే లెక్క మరీ ఎక్కువని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఏమైనా ఆ తరువాత కోరంగి తిరిగి కోలుకోలేదు, వ్యాపారం కాకినాడకు తరలింది.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో కాకినాడకు పెద్ద నష్టం జరగకపోవడానికి ఈ దీవి, దాని వెనుకనున్న మడ అడవులు కారణమని చెబుతారు. అయితే దీవి ఉన్నది గనుక నగరానికి ముప్పు లేదనుకోవడం పొరపాటు. అఖాతం ఉత్తరాన తెరిచి ఉన్నందున తుఫాను ఏ దిశ నుండి వచ్చిందన్నదే ముఖ్యం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను అతలాకుతలం చేసింది. గౌతమి మొగ వద్దనున్న భైరవపాలెం, బలుసుతిప్ప గ్రామాల మత్స్యకారులు ఎందరో సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు.

ప్రయాణ సౌకర్యాలు

దీవికి వంతెన గాని, రోడ్డు గాని లేదు. కాకినాడ నుండి పడవలో అఖాతం దాటి వెళ్ళాలి. గాలిని బట్టి, పడవ రకాన్ని బట్టి సుమారు గంట పడుతుంది. కాకినాడకు సమీపంలోని పెద్ద రైల్వే జంక్షన్ సామర్లకోట, విమానాశ్రయం రాజమహేంద్రవరం వద్దనున్న మధురపూడి. విహార పడవలు ఏడాది పొడవునా ఒకే తీరుగా నడవవు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ఘోర పడవ ప్రమాదం తరువాత ప్రభుత్వం విహార పడవలను నిలిపివేసి, నిబంధనలను కఠినతరం చేసింది. కాబట్టి పర్యాటక శాఖ, అటవీ శాఖల అనుమతి ఉన్నదీ లేనిదీ బయలుదేరే ముందే తెలుసుకోవడం అవసరం. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగురవేసిన రోజులలో పడవ ఎక్కరాదు. చేపల పడవలో ఎవరినైనా బ్రతిమాలి వెళ్ళడం చట్టరీత్యా సమస్యే కాక ప్రాణాపాయం కూడా. ప్రతి ప్రయాణికుడు లైఫ్ జాకెట్ ధరించాలి.

అఖాతంలో ఆటుపోట్లను లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. పోటు మీద సులభంగా వెళ్ళిన పడవ ఆటు సమయంలో బురదలో చిక్కుకోవచ్చు. స్థానిక సరంగులు ఈ వేళలను చంద్రుని తిథులను బట్టి చెప్పగలరు. అమావాస్యకు, పౌర్ణమికి నీరు ఎక్కువ ఎత్తుకు వచ్చి, ఎక్కువ దూరం వెనుకకు పోతుంది.

తీరం

దీవికి రెండు ముఖాలు ఉన్నాయి. తూర్పు ముఖం బంగాళాఖాతం వైపు తెరిచి ఉన్న ఇసుక తీరం. ఇక్కడ సూర్యోదయం నేరుగా సముద్రం మీద కనిపిస్తుంది. తడి ఇసుక మీద ఎర్రని పీతలు గుంపులుగా తిరుగుతూ, అడుగుల చప్పుడుకు బొరియలలోకి దూరిపోతాయి. తీరం వెంబడి నడక, గవ్వలు చూడటం, ఛాయాచిత్రాలు తీయడం, చేపల పడవలు తిరిగి వచ్చే వేళ వలలు దులపడం గమనించడం ఇక్కడి కాలక్షేపాలు. స్నానానికి మాత్రం ఈ వైపు అనువైనది కాదు. సముద్రం వేగంగా లోతవుతుంది, వెనుకకు లాగే ప్రవాహాలు ఉంటాయి, కాపాడేందుకు ఎవరూ ఉండరు. ఉత్తరపు కొన వద్ద అఖాతపు నీరు, సముద్రపు నీరు కలిసేచోట ప్రవాహం మరీ బలంగా ఉంటుంది. అక్కడ మోకాలి లోతు నీటిలో కూడా దిగకపోవడం మంచిది.

పశ్చిమ ముఖం అఖాతం వైపు ఉంటుంది. ఇక్కడ అలలు లేవు. బురద, మడ మొక్కలు, నిలకడగా ఉన్న నీరు కనిపిస్తాయి. బురదలో కాళ్ళు దిగబడతాయి గనుక నడకకు పనికిరాదు గాని పక్షులను చూడటానికి ఇదే సరైన చోటు.

నీడనిచ్చే చెట్లు అరుదు. దుకాణాలు, హోటళ్ళు లేవు. త్రాగునీరు, ఆహారం, గొడుగు లేదా టోపీ వెంట తీసుకువెళ్ళాలి. తీసుకువెళ్ళిన సీసాలు, సంచులు తిరిగి తెచ్చుకోవాలి. చెత్త ఎత్తే ఏర్పాటు లేని దీవిలో పారవేసిన ప్రతి ప్లాస్టిక్ సంచి చివరికి నీటిలోకే చేరుతుంది.

మడ అడవులు, పక్షులు

అఖాతానికి దక్షిణాన ఉన్న కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. దీని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దేశంలోని పెద్ద మడ అడవులలో ఇది ఒకటి. నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న, కళింగ మొదలైన చెట్లు ఇక్కడ పెరుగుతాయి. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే ప్రమాదం కాబట్టి కొమ్మలు విరవరాదు. ఇక్కడ నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురు పిల్లులు నివసిస్తాయి. బావురు పిల్లులు ఎక్కువగా చీకటిపడిన తరువాత గాని, తెల్లవారుజామున గాని తిరుగుతాయి గనుక పగటి సందర్శకులకు వాటి అడుగుజాడలే కనిపిస్తాయి.

దీవికి పడవలు లేని రోజులలో కాకినాడ - యానాం రోడ్డులో ఉన్న కోరంగి సందర్శన కేంద్రం చక్కని ప్రత్యామ్నాయం. అక్కడ మడ చెట్ల మధ్యగా చెక్క వంతెన బాట ఉంది. బాటకు ఇరుప్రక్కల బురదలో నుండి మేకులవలె పైకి పొడుచుకువచ్చిన మడ చెట్ల శ్వాస వేళ్ళను దగ్గరగా చూడవచ్చు. ఆ దారిలోనే ఉన్న చొల్లంగి వద్ద పుష్య బహుళ అమావాస్య నాడు వేలాది మంది సముద్రస్నానం చేసి సప్తసాగర యాత్ర ప్రారంభిస్తారు.

శీతాకాలంలో ఉత్తర ఆసియా నుండి వలస వచ్చే ఉల్లంకి జాతి పక్షులు అఖాతపు బురద నేలల్లో పురుగులను, నత్తలను ఏరుకు తింటాయి. ఆటు సమయంలో బురద బయటపడినప్పుడు ఇవి వందల సంఖ్యలో వాలుతాయి. అరుదైన ఇండియన్ స్కిమ్మర్ కూడా ఈ తీరంలో కనిపించింది. పక్షుల గుంపు మీదికి పరుగెత్తి ఎగురగొట్టడం చాలామందికి సరదా. కాని వేల కిలోమీటర్లు ఎగిరివచ్చిన పక్షికి మేత వేళ చెడిపోతే తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు చేరదు.

సముద్రపు తాబేళ్ళు

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుండి వేసవి ఆరంభం వరకు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆడ తాబేలు రాత్రివేళ ఇసుక మీదికి ఎక్కి, వెనుక కాళ్ళతో గుంట త్రవ్వి, నూరు వరకు లేదా అంతకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటకు వస్తాయి. పిల్లలు ఆడవా మగవా అన్నది ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. నక్కలు, కుక్కలు గుడ్లను త్రవ్వి తింటాయి గనుక అటవీ శాఖ ఈ తీరంలో గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ జాతి ఉంది. గుడ్లను ముట్టుకోవడం కూడా నేరమే.

చిక్కు ఏమంటే, తీరం మనుషులకు హాయిగా ఉండే కాలం, తాబేళ్ళు వచ్చే కాలం దాదాపు ఒకటే. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం, ఏప్రిల్ తరువాత ఎండ. మిగిలిన జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలోనే సందర్శకులు ఎక్కువగా రావాలనుకుంటారు. పగటిపూట అలల అంచున తడి ఇసుక మీద నడవడం వలన హాని తక్కువ. పొడి ఇసుక మీద ఆటలు, గుడారాలు, మంటలు, రాత్రి దీపాలు హాని చేస్తాయి. పిల్ల తాబేళ్ళు వెలుతురు ఉన్న దిక్కునే సముద్రమని భావించి దారి తప్పుతాయి. ఈ కారణంగానే దీవిలో రాత్రి బస, శాశ్వత కట్టడాలు అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా అభ్యంతరాలు వ్యక్తమవుతాయి. మడ అడవులు, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాలు తీర ప్రాంత నియంత్రణ నిబంధనలలో అత్యంత కఠినమైన వర్గంలోకి వస్తాయి.

తాబేళ్ళకు అసలు పెద్ద ముప్పు సందర్శకుల వలన కాదు, ట్రాలర్ వలల వలన. ఊపిరి కోసం పైకి రావలసిన తాబేలు వలలో చిక్కితే మునిగి చనిపోతుంది. వల నుండి తాబేళ్ళు తప్పించుకొనే చట్రాలు ఉన్నా, వాటి ద్వారా చేపలు కూడా జారిపోతాయని మత్స్యకారులు వాటిని అంతగా ఇష్టపడరు. రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధం మొదలయ్యే నాటికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు ముగిసిపోతుంది.

ఉప్పాడ కోత, దీవి భవిష్యత్తు

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ జమ్‌దానీ చీరలకు ప్రసిద్ధి. దశాబ్దాలుగా సముద్రం ఆ ఊరిని కోసివేస్తున్నది. ఇళ్ళు, గుడులు, కాకినాడ - ఉప్పాడ తీర రహదారి భాగాలు అలలలో కలిసిపోయాయి. 2010 ప్రాంతంలో తీరం వెంబడి ఇసుక నింపిన భారీ జియోట్యూబులు వేశారు గాని తరువాతి తుఫానులకు అవి దెబ్బతిన్నాయి. ఉత్తరానికి పోవలసిన ఇసుకను హోప్ దీవి తనలో నిలుపుకోవడం, దీవి పెరిగే కొద్దీ అలల తాకిడి ఉప్పాడ వైపు కేంద్రీకృతం కావడం ఈ కోతకు ముఖ్య కారణాలుగా పరిశోధకులు పేర్కొన్నారు. కాకినాడను కాపాడే దీవే ఉప్పాడకు నష్టం కలిగిస్తున్నదన్న మాట.

మరొకవైపు, దీవికి ఆధారమైన ఇసుక రాకే తగ్గుతున్నది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయింది. ఆ తరువాత, ముఖ్యంగా 20వ శతాబ్దపు రెండవ భాగంలో, గోదావరి మీద, దాని ఉపనదుల మీద కట్టిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం వలన సముద్రానికి చేరే మట్టి, ఇసుక బాగా తగ్గాయని, డెల్టా అంచు పలుచోట్ల కోతకు గురవుతున్నదని అధ్యయనాలు తెలిపాయి. దీవి దక్షిణాన ఉన్న సన్నని తోకకు ఇసుక అందేది ఈ అంచు నుండే.