రెండు సెంట్ల మీట

షికాగోకి ఉత్తరాన, విస్కాన్సిన్ సరిహద్దుకి కాస్త ఇవతల ఒక ఇంట్లో ఎస్టేట్ సేల్. పెద్దాయన పోయారు. సామాను మొత్తానికి చీటీలు అంటించి పెట్టారు పిల్లలు. అందరూ పింగాణీ గిన్నెల చుట్టూ మూగితే నేను గరాజ్‌లోకి దూరాను. అక్కడ ఒక కాఫీ డబ్బా నిండా తుప్పు పట్టిన సాకెట్లు, వాటి మధ్య ఒక క్రాఫ్ట్స్‌మన్ రాచెట్ దొరికాయి. డబ్బా డబ్బాగా నాలుగు డాలర్లు. పిడి మీద ఎవరో కరెంటు కలంతో రెండు అక్షరాలు గీసుకున్నారు. అవి ఆయనవో, అంతకుముందు ఎవరివో.

మనవైపు మెకానిక్కులు పానా అనే దానికి ఇది దగ్గరి చుట్టం. మామూలు పానాతో ఇరుకులో బోల్టు విప్పాలంటే కొంచెం తిప్పాలి, తీయాలి, మళ్ళీ పెట్టాలి. రాచెట్‌కి ఆ బాధ లేదు. తల లోపల ఒక పళ్ళచక్రం, దాన్ని ఒకవైపే తిరగనిచ్చే చిన్న నాలుక, ఆ నాలుకని నొక్కిపట్టే స్ప్రింగు ఉంటాయి. ముందుకు తోస్తే బోల్టు తిరుగుతుంది, వెనక్కి లాగితే టికటికమంటూ పిడి ఒక్కటే వెనక్కొస్తుంది. పళ్ళు ఎన్ని ఉంటే అంత ఇరుకులో పనిచేస్తుంది. 24 పళ్ళదైతే ఒక్కో టిక్కుకీ 15 డిగ్రీలు, 72 పళ్ళదైతే 5 డిగ్రీలే. ఆ శబ్దం కోసమే వీటిని పోగేసేవాళ్ళున్నారని చెబితే మా ఇంట్లో నమ్మరు. నేనే అందులో ఒకణ్ణని మాత్రం వాళ్ళకి తెలుసు.

ఈ వస్తువు మోటారు కార్ల కంటే పాతది. వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌కి చెందిన జె. జె. రిచర్డ్‌సన్, సాకెట్లు మార్చుకునే రాచెట్ పానాకి 1863లోనే పేటెంటు తీసుకున్నాడు. అయితే దాని అవసరం ఇంటింటికీ వచ్చింది కార్లతోనే. 1920లో మిల్వాకీలో జోసెఫ్ జాన్సన్ అనే ఉద్యోగి, ప్రతి సాకెట్‌కీ ఒక పిడి ఎందుకు, అయిదు పిడులూ పది సాకెట్లూ విడివిడిగా చేసి కావలసినట్టు తగిలించుకుంటే యాభై పానాల పని జరుగుతుంది కదా అన్నాడు. యజమానులకి నచ్చలేదు. అతనూ తోటి ఉద్యోగి విలియం సైడెమనూ కలిసి సొంతంగా మొదలుపెట్టిందే స్నాప్-ఆన్. తర్వాత కెనోషాకి మారిన ఆ కంపెనీ ఊరు, నేను రాచెట్ కొన్న ఇంటికి అరగంట దూరం కూడా లేదు.

కానీ నా డబ్బాలో దొరికింది స్నాప్-ఆన్ కాదు. సియర్స్ దుకాణాల్లో అమ్మిన క్రాఫ్ట్స్‌మన్. దాని తల వెనక, సరిగ్గా మధ్యలో, బొటనవేలితో నొక్కే ఒక మీట ఉంది. ఈ వ్యాసం ఆ మీట గురించే.

అప్పటిదాకా సాకెట్‌ని పట్టి ఉంచేది పిడి చివరి నలుచదరపు ముక్కలో స్ప్రింగు మీద కూర్చున్న చిన్న ఉక్కు గుండు. సాకెట్ తగిలించడం తేలికే. గ్రీజు చేతులతో ఊడబెరకడం నరకం. రెండు చేతులూ కావాలి, ఒక్కోసారి పళ్ళు కూడా. మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్ ఊళ్ళో సియర్స్ దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్న పీటర్ రాబర్ట్స్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, డ్యూటీ లేని గంటల్లో దీనికొక మార్గం కనిపెట్టాడు. నలుచదరం మధ్యగా ఒక సన్నని కడ్డీని పంపించాడు. మీట నొక్కితే కడ్డీ కదులుతుంది, గుండు దాని గుంటలోకి జారుతుంది, సాకెట్ తనంతట తానే కింద పడుతుంది. ఒక్క చేత్తో పని అయిపోతుంది.

1964లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. దుకాణం మేనేజరు మాట మీద నమూనాని కంపెనీకి సలహాగా పంపాడు. సియర్స్ పరీక్షలు చేయించింది. ఫలితాలు బాగున్నాయి. కుర్రాడికి మాత్రం ఇదేమంత పెద్ద సంగతి కాదన్నారు. ఒక్కోదానికి నలభై యాభై సెంట్ల ఖర్చవుతుందనీ, ప్రచారం చేసినంత మేరకే అమ్ముడుపోతుందనీ చెప్పారు. అసలు ఖర్చు ఇరవై సెంట్లేనని వాళ్ళకి అప్పటికే తెలుసు. 1965 జూలైలో ఒప్పందం కుదిరింది. ఒక్కో రాచెట్‌కి రెండు సెంట్లు, మొత్తం పదివేల డాలర్లు దాటకుండా. ఆ సెప్టెంబరులో పేటెంటు వచ్చింది. ఏడాది తిరక్కుండానే పదివేలూ చేతికొచ్చేశాయి. రెండు సెంట్ల లెక్కన పదివేలంటే అయిదు లక్షల రాచెట్లు. పెద్దగా అమ్ముడుపోదన్న వస్తువు!

1969 చివర్లో రాబర్ట్స్ షికాగో ఫెడరల్ కోర్టుకెక్కాడు. ఆ కేసు నడుస్తున్న కాలంలోనే అదే ఊళ్ళో సియర్స్ టవర్ లేచింది. విచారణలో బయటపడిన లెక్క ప్రకారం కోటీ తొంభై లక్షలకి పైగా అమ్మారు, నికర లాభం 4 కోట్ల 40 లక్షల డాలర్లకి పైమాటే. 1977లో జ్యూరీ మోసం జరిగిందని తేల్చి పది లక్షల డాలర్లు ఇప్పించింది. పై కోర్టు మరుసటేడు దాన్ని సమర్థించింది. పేటెంటు కూడా తిరిగి అతని చేతికొచ్చింది.

కథ ఇక్కడ ఆగిపోతే నాకు బాగుండేది. ఆ పేటెంటుతో అతను వేసిన రెండో కేసులో 1982లో జ్యూరీ మళ్ళీ అతని వైపే నిలిచింది. కానీ 1983లో పై కోర్టు న్యాయమూర్తులందరూ కూర్చుని ఆ తీర్పు కొట్టేశారు. పేటెంటు చెల్లుతుందా లేదా అన్నది మళ్ళీ విచారించమన్నారు. చిక్కుప్రశ్న ఒకటే: గుండు, కడ్డీ, స్ప్రింగు ముందునుంచీ ఉన్నవే కదా, వాటిని ఇలా కలపడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనా? తట్టేదే అయితే పేటెంటు నిలవదు.

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మీటని విప్పి చూస్తే నిజంగానే "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ గుండుతో సాకెట్లని పట్టి ఉంచుతూ దశాబ్దాలపాటు రాచెట్లు చేసిన కంపెనీలన్నిట్లో ఇంజనీర్లుండగా ఇది ఒక గుమస్తా కుర్రాడికి ఎందుకు తట్టాలి? చట్టం సంగతి న్యాయమూర్తులకి వదిలేసినా, ఖర్చు రెట్టింపు చేసి చెప్పినవాళ్ళ పక్షాన నిలబడటం నా వల్ల కాదు. చివరికి 1989లో రాజీ కుదిరింది. కోర్టుకెక్కి అప్పటికి ఇరవయ్యేళ్ళు.

నా పక్షపాతానికి ఇంకో కారణమూ ఉందని ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన మొదటిరోజు నేనూ ఒక కాగితం మీద సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా బుర్రలో పుట్టిందంతా కంపెనీదేనని. ఆ తర్వాత ఒక పేటెంటు మీద నా పేరు పడింది. బహుమతిగా ఒక చెక్క ఫలకం ఇచ్చారు. దాని మీద నా పేరులో ఒక అక్షరం తప్పు.

రాచెట్‌ని ఆదివారం బాగుచేశాను. తల వెనక పలకకున్న మరలు విప్పేముందు చేతులతో సహా దాన్నొక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. లేకపోతే నాలుక స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. మొదటి రాచెట్‌కి నేను ఈ పాఠం నేలమీద పాకుతూ నేర్చుకున్నాను. లోపల గ్రీజు బంకలా గట్టిపడి ఉంది. కిరసనాయిలులో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాను. తుప్పుకి వినిగర్ మంచిదేగానీ, క్రోమ్ పొర లేచినచోట ఎక్కువసేపు ఉంచితే ఆ పొర కిందికి పాకుతుంది. అందుకని గంటకోసారి తీసి చూసి, చివర్న వంటసోడా నీళ్ళలో కడిగాను. తళతళలాడేలా బఫింగ్ చేసేవాళ్ళంటే నాకు కొంచెం చిరాకు. వాళ్ళు తుప్పుతో పాటు పిడి మీది అక్షరాల్ని కూడా తీసేస్తారు.

నేను ఆ రెండు అక్షరాల్నీ ఉంచేశాను. పలక బిగించి, పన్నెండు మిల్లీమీటర్ల సాకెట్ తగిలించి మీట నొక్కాను. బిగుసుకుని ఉంది. ఇంకో చుక్క నూనె వేసి మళ్ళీ నొక్కాను. సాకెట్ టంగుమని బల్ల మీద పడింది. పక్కగదిలోంచి "ఏం విరగ్గొట్టారు?" అని వినబడింది.