‘జిప్సీ’ పదం: ఆంగ్ల న్యాయస్థానాల అర్థనిర్ణయం

ఇంగ్లండులో జిప్సీల హక్కులు చాలాకాలం ఒక పదానికి చెప్పిన అర్థంపై ఆధారపడ్డాయి. 1959 నాటి రహదారుల చట్టం జిప్సీ రహదారిపై విడిది చేయడాన్ని నేరంగా పేర్కొంది, పదాన్ని మాత్రం నిర్వచించలేదు. 1967లో మిల్స్–కూపర్ వ్యాజ్యంలో న్యాయస్థానం స్థిరనివాసం, స్థిరవృత్తి లేని సంచారే జిప్సీ అని తేల్చింది. జాతిని బట్టి మనిషిని శిక్షించాలని పార్లమెంటు సంకల్పించి ఉండదన్నది న్యాయమూర్తి తర్కం. ఉద్దేశం ఉదారమైనదే. కాని ఆ అర్థంలో జిప్సీతనానికి పుట్టుకతోగాని రోమానీ భాషతోగాని సంబంధం లేకుండా పోయింది. ఒకచోట స్థిరపడితే అది చెరిగిపోతుంది కూడా.

1976 నాటి జాతి సంబంధాల చట్టం కింద రక్షణ పొందాలంటే జాతిసమూహమని నిరూపించుకోక తప్పేది కాదు. పాత నిర్వచనం ఇక్కడే అడ్డుపడింది. లండన్‌లోని ఒక మద్యశాల సంచారులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టింది. ఆ వ్యాజ్యంలో అప్పీలు న్యాయస్థానం 1988లో జిప్సీలను జాతిసమూహంగా గుర్తించింది. అయితే ‘సంచారి’, ‘జిప్సీ’ పర్యాయపదాలు కావు గనుక బోర్డులో ప్రత్యక్ష వివక్ష లేదంది. పరోక్ష వివక్ష సంగతిని తిరిగి విచారణకు పంపింది. నిఘంటుకారులకు పరిచితమైన సూక్ష్మభేదమే ఇది. వాకిట నిలిచిన మనిషికి మాత్రం రెండు మాటలూ ఒకటే. ఐరిష్ ట్రావెలర్లకు ఇంగ్లండులో ఈ గుర్తింపు 2000లోగాని రాలేదు.

2015లో ఇళ్ల స్థలాల ప్రణాళికా విధానం వార్ధక్యంవల్లనో అనారోగ్యంవల్లనో సంచారం శాశ్వతంగా మానినవారిని నిర్వచనం నుండి తప్పించింది. 2022లో అప్పీలు న్యాయస్థానం దానిని వివక్షగా నిర్ణయించింది.