నజరే రాకాసి అలలు

పోర్చుగల్ పశ్చిమ తీరంలోని నజరే పట్టణం దగ్గర, ప్రాయా దు నోర్త్ బీచ్‌లో ముఖ్యంగా అక్టోబరు నుంచి మార్చి దాకా ఎగసే భారీ సముద్రపు అలలు. ఉత్తర అట్లాంటిక్‌లో శీతాకాలపు తుపాను గాలి నీటిమీద ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం వీస్తే అలల్లో అంత శక్తి చేరుతుంది. కానీ అవే అలలు పొరుగు తీరాల్లో ఇంత ఎత్తు లేవవు. అసలు కారణం సముద్రగర్భంలో ఉంది. దాదాపు 5,000 మీటర్ల లోతుకు దిగే నజరే అగాధ లోయ 200 కిలోమీటర్లకు పైగా సాగి, ఒడ్డుకు అతి చేరువలో ముగుస్తుంది. లోయ మీదుగా వచ్చే అల భాగం లోతైన నీటిలో వేగం కోల్పోదు; పక్కనున్న మెరక మీది భాగం అడుగు నేల ప్రభావంతో నెమ్మదిస్తుంది. ఈ తేడావల్ల అల వంగుతుంది. తీరం దగ్గర రెండు భాగాలూ కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఒడ్డు వెంబడి వచ్చి ఎదురయ్యే ప్రవాహం ఆ ఎత్తును ఇంకొంత పెంచుతుంది. సునామీతో ఈ అలలను పోల్చడం పొరపాటు. ఇది ప్రధానంగా గాలి, లోయ కలిసి చేసే పని. 2011లో అమెరికా సర్ఫర్ గారెట్ మెక్‌నమారా స్వారీతో ఈ జాలరి పట్టణం ప్రపంచం దృష్టిలో పడింది. 2020 అక్టోబరు 29న జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిట్నర్ ఇక్కడ స్వారీ చేసిన అల ఎత్తును గిన్నిస్ సంస్థ 26.21 మీటర్లుగా నమోదు చేసింది.