పొగ చెప్పిన మాట

ఈ ప్రత్యేక సంచికకు గ్యారేజీ వైపు నుండి ఒక వ్యాసం రావాలని మన సంఘం కార్యదర్శిగారు పట్టుబట్టారు. డ్రైవరు, కండక్టరు సోదరులు చాలామంది రాశారట, స్పానరు పట్టినవాళ్ళు మాత్రం కలం పట్టడం లేదని ఆయన ఫిర్యాదు. నేను 1973లో సికింద్రాబాదులో ఒక డిపో గ్యారేజీలో క్లీనరుగా చేరి, మెకానిక్‌నై, 2010లో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసింది డీజిల్ ఇంజను ఒక్కటే. దాని సంగతే నాలుగు మాటలు మనవి చేస్తాను. మన పిల్లలు, మనుమలు లారీలు, మినీ వ్యాన్లు పెట్టుకుని బతుకుతున్న రోజులివి కనుక వారికీ పనికి రావచ్చు. లారీ ఇంజను, బస్సు ఇంజను ఒక తల్లి బిడ్డలే.

మన సంస్థ పుట్టుక సభ్యులందరికీ తెలిసినదే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా శాఖగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలయింది. అప్పటి ఆల్బియన్ బస్సులు స్కాట్లాండులో తయారైనవి. వాటిలో ఒకదానిని మనవాళ్ళు భద్రపరిచారు కూడా. 1951లో రైల్వే నుండి విడివడి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. తరువాత రాష్ట్రంతో పాటు సంస్థ కూడా రెండయింది.

డీజిల్ ఇంజను చరిత్ర దీనికంటే కొంచెం పాతది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో జయప్రదంగా నడిపి చూపాడు. కాని దానిని లారీకి ఎక్కించడానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1927లో బాష్ కంపెనీ ఇంధన పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక లారీలకు డీజిల్ ఇంజను నమ్మకమైనదయింది. మన దేశంలో బెంగుళూరు మైకో 1951లో వెలిసింది. జర్మనీ వారితో కలిసి టాటావారు 1954 నుండి బెంజ్ లారీలు తయారు చేశారు. మద్రాసు దగ్గర ఎన్నూరులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. నేను చేరేనాటికి మా గ్యారేజీలో వినిపించే పేర్లు ఈ రెండే, టాటా, లేలాండ్. పంపు అంటే మైకోయే.

మాకు పుస్తకాలు లేవు. ఉన్నా ఇంగ్లీషులో ఉండేవి. మా బడి మా ఉస్తాదే. ఆయన మొదటిరోజు చెప్పిన పాఠం ఇది. పెట్రోలు ఇంజనుకు నిప్పు మనం పెడతాం, డీజిల్ తన నిప్పు తానే పుట్టించుకుంటుంది. సిలిండరులో గాలిని సుమారు 16వ వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ సన్నటి తుంపరగా డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. కనుక బండి మొరాయిస్తే అడగవలసినవి మూడే ప్రశ్నలు: గాలి అందుతోందా, డీజిల్ అందుతోందా, కంప్రెషన్ ఉందా? ఈ మూడూ చూడకుండా స్పానరు ముట్టుకుంటే ఉస్తాద్ చేతి మీద కొట్టేవాడు.

రెండవ పాఠం పొగ. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువో, గాలి తక్కువో. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి దులపాలి. అయిదు రూపాయల పని అది. అప్పటికీ తగ్గకపోతే నాజిళ్ళు తీసి టెస్టరు మీద పెట్టాలి. సుమారు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి వద్ద మంచి నాజిల్ పొగమంచులా చిమ్మి టక్కున ఆగుతుంది, పాడైనది చుక్కలు కారుస్తుంది. మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు వేసినా, పంపు టైమింగ్ తప్పినా నల్లపొగే.

నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం. రింగులో, లైనర్లో, వాల్వు గైడులో అరిగాయి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలినుండి పొగ ఉబికి వస్తుంది. దీనికి ఫిల్టరు దులిపితే లాభం లేదు, ఇంజను దించవలసిందే.

తెల్లపొగ దగ్గరే మోసపోతాం. చలికాలం పొద్దున సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు నిమిషాలు తెల్లపొగ రావడం సహజం. సగం కాలిన డీజిల్ అది, ఇంజను వేడెక్కగానే పోవాలి. పోకుండా నిలిచి, రేడియేటర్లో నీళ్ళు కూడా తగ్గుతూ ఉంటే హెడ్డు గ్యాస్కెట్ పోయి నీళ్ళు సిలిండరులోకి దిగుతున్నాయన్నమాట. చల్లని ఇంజను మీద రేడియేటర్ మూత తీసి, స్టార్టు చేసి చూస్తే నీళ్ళలో బుడగలు లేస్తాయి. గేజి కడ్డీ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపించవచ్చు.

ఇది నాకు పాఠంగా రాలేదు, తప్పుగా వచ్చింది.

1981 డిసెంబరు. సిద్దిపేట వైపు వెళ్ళే ఒక బండి డ్రైవరు కంప్లైంట్ పుస్తకంలో వరుసగా రెండు రోజులు రాశాడు: పొద్దున తెల్లపొగ ఆగడం లేదు, నీళ్ళు తగ్గుతున్నాయి. రాత్రి డ్యూటీ నాది. చలికాలం పొగేలే అనుకున్నాను. నీళ్ళు నింపి, "చూడడమైనది, సరిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. మూడవరోజు శామీర్‌పేట దాటాక ఎత్తు ఎక్కుతూ ఇంజను పట్టేసింది. ప్రయాణికులు రోడ్డు మీద నిలబడ్డారు. వేడి ముల్లు చూసుకోకుండా నడిపాడేమోనని మొదటి అనుమానం సహజంగానే డ్రైవరు మీదికి పోయింది. అతనికి ముగ్గురు ఆడపిల్లలు.

ఉస్తాద్ హెడ్డు దించి నన్ను పిలిచాడు. ఒక్క మాట అనలేదు. సిలిండరుకూ నీటి దారికీ మధ్య గ్యాస్కెట్ కాలి తెగిన చోట వేలు పెట్టి చూపాడు. అక్కడ తుప్పు చార ఉంది. ఒక్కరోజు పని కాదది, చాలా రోజులుగా నీళ్ళు కారుతున్న గుర్తు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని పైఅధికారి దగ్గరకు పోయి, డ్రైవరు రాసింది, నేను రాసింది రెండూ చూపించాను. డ్రైవరుకు ఏమీ కాలేదు. నాకు పడవలసింది పడింది, అది న్యాయమే.

వారం తరువాత ఆ డ్రైవరే నన్ను క్యాంటీనులో కూర్చోబెట్టి టీ పోయించాడు. "తమ్మీ, బండి చెప్పింది నేను రాసిన. నేను రాసింది నువ్వు చదవాలె గద" అన్నాడు. తరువాత ఇరవై తొమ్మిదేళ్ళ నా సర్వీసులో ఇంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

ఇక సొంత బండి ఉన్నవారికి కొన్ని జాగ్రత్తలు. వేడెక్కిన ఇంజను మీద చన్నీళ్ళు పోయకండి, హెడ్డు పగులుతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ముఖం కాలుతుంది. ఆయిల్ ప్రెషరు పడిపోతే ఇంటి దాకా పోదామనుకోకుండా ఉన్నచోటనే ఇంజను ఆపండి. ఆ ఒక్క మైలు బేరింగులన్నీ తినేస్తుంది. సాయంత్రమే ట్యాంకు నింపితే రాత్రి చల్లదనానికి లోపల తేమ చేరదు. డీజిల్ అయిపోయి పైపుల్లోకి గాలి దూరితే ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ పోవడమే తప్ప బండి కదలదు. పాతరకం పంపు ఉన్న బండికి ముందు ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, తరువాత పెద్ద పంపు దగ్గర అలాగే చేయాలి.

ఇంజను కుంటితే మేము ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేసి వినేవాళ్ళం. ఏ సిలిండరు దగ్గర శబ్దం మారదో అదే పని చేయడం లేదని లెక్క. దయచేసి ఈ పద్ధతి ఇప్పటి బండ్ల మీద చేయకండి. కామన్ రైల్ ఇంజనులో ఒత్తిడి 1000 అట్మాస్ఫియర్లకు మించి ఉంటుంది. ఆ డీజిల్ చిమ్మితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్. 6 బండ్లే అమ్ముతున్నారు. వాటి సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంది, పెద్ద బండ్లకు యూరియా ద్రావణం కూడా పోయాలి. మేము చదువుకున్న పొగ వాటిలో చాలావరకు కనిపించదు. దానికి బదులు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. మొన్న మా మనుమడు ఆ దీపం నాలుగు రోజులుగా వెలుగుతోందని నవ్వుతూ చెప్పాడు, బండి బాగానే లాగుతోందట. వాడికి శామీర్‌పేట సంగతి చెప్పి, మర్నాడే వర్క్‌షాపుకు పంపించాను.

గ్యారేజీలో నాతో పనిచేసినవారు చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవారు మీ అనుభవాలు కూడా రాయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటాను.